వంగ మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోతున్నాయి, సూడోమోనాస్ పోసినా ఆగట్లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

పెదవాల్తేరు_మేడతోట

అందరికీ నమస్కారం. మాది వైజాగ్ పెదవాల్తేరు, మేడ మీద 40 దాకా గ్రో బ్యాగులు ఉన్నాయి, నాలుగేళ్ల నుంచి వంగ, టమాటా, బెండ, ఆనప, బీర వేస్తున్నాను. ఈ ఏడాది మందులు, యూరియా పూర్తిగా మానేసి మట్టిలో మంచి బ్యాక్టీరియాతోనే పండిద్దామని గట్టిగా అనుకుని సూడోమోనాస్ (తెగుళ్లని అడ్డుకునేది), అజటోబాక్టర్ (నత్రజని పట్టేది), పీఎస్‌బీ (భాస్వరం కరిగించేది) మూడు ప్యాకెట్లూ కొన్నాను. మొన్న వానలు తగ్గి ఎండ కాశాక ఒక వంగ మొక్క మధ్యాహ్నం తల వాల్చేసింది, సాయంత్రానికి లేచింది, మర్నాడు మళ్లీ వాలింది, మూడో రోజు ఇంక లేవలేదు. ఆకు పసుపు కూడా అవ్వలేదండీ, పచ్చగానే ఉండి పోయింది. వెంటనే లీటరుకి 10 గ్రాముల లెక్కన సూడోమోనాస్ కలిపి అన్ని బ్యాగులకీ పోశాను, అయినా వారంలో ఇంకో ఐదు పోయాయి. ఆ వంగ మా అత్తగారు ఊరి నుంచి విత్తనం తెచ్చి దాచుకున్నది, ఆవిడ రోజూ పొద్దున్నే పైకి వచ్చి చూసుకుని మాటా పలుకూ లేకుండా కిందికి దిగిపోతున్నారు, అది చూస్తే నాకు మనసు బాగోట్లేదు. ప్యాకెట్టు పనిచెయ్యలేదా, నేను వాడిన పద్ధతి తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_గ్రోబ్యాగ్

అక్కా నాకూ పోయినేడు టమాటాలో ఇదే జరిగింది. కాపర్ ఆక్సీక్లోరైడ్ పోశాను, తర్వాత స్ట్రెప్టోసైక్లిన్ పోశాను, ఆ మర్నాడే బలం కోసమని సూడోమోనాస్ కూడా పోశాను, మొత్తం పోయాయి. ఈ బ్యాక్టీరియా ప్యాకెట్ల మీద నాకు నమ్మకం పోయింది. కాకపోతే పీకి చూస్తే వేళ్లకి బోలెడు బుడిపెలున్నాయి, అవి రైజోబియం బుడిపెలని వీడియోలో చూశాను, అంటే మంచి బ్యాక్టీరియా వచ్చినట్టే కదా, మరి మొక్క ఎందుకు పోయినట్టు?

ఆనందపురం_గరువు

అక్కా, ముందు అది ఏ తెగులో తేల్చుకోండి, మందు సంగతి తరవాత. మా గరువులో వంగ, మిరప, బంతి వేస్తాం, ఇరవయ్యేళ్లుగా చూస్తన్నాను. ఇలాగ పచ్చగా ఉండి వాలిపోయిందంటే నూటికి తొంభై పాళ్లు బ్యాక్టీరియా వాడు తెగులే. ఒక పని చెయ్యండి. పోయిన మొక్కని పీకీసి మొదలు దగ్గర కాండం బెత్తెడు ముక్క కొయ్యండి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి ఆ ముక్క కొస నీళ్లలో మునిగీలాగ పట్టుకోండి, కదపకండి. కాసేపటికి కోసిన చోట నుంచి పాలలాగ తెల్లటి దారం కిందికి దిగిందంటే అదే. దిగకపోతే శిలీంద్రం వల్ల వచ్చిన ఎండు తెగులు అయ్యుంటాది, దాని దారి వేరు. చూసి ఇక్కడ రాయండి.

పెదవాల్తేరు_మేడతోట

ఆనందపురం అన్నయ్యా, ఇప్పుడే చేశాను. కాండం కొయ్యగానే లోపల గోధుమరంగు చారలు కనపడ్డాయి. గ్లాసు వెనకాల నల్ల గుడ్డ పెట్టి చూశాం. రెండు నిమిషాలదాకా ఏమీ లేదు, తర్వాత సన్నగా అగరొత్తి పొగలాగ తెల్లటి తీగ ఒకటి కిందికి దిగడం మొదలైంది, పొగ పైకి పోతుంది కదా, ఇది తలకిందులుగా గ్లాసు అడుగుకి జారి అక్కడ పొరలాగ పేరుకుంది. పది నిమిషాల్లో నీళ్లన్నీ కుడితిలాగ మసకబారిపోయాయి. అత్తగారు చూసి "అంత చీము పట్టుకుని నీళ్లెలా పైకెక్కుతాయే పాపం" అన్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

మైక్రో_పిల్ల

నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను, ఎంవీపీ కాలనీలో ఉంటాం. మీ అత్తగారు అన్నది అక్షరాలా కరెక్ట్ ఆంటీ. ఆ తెల్లది రాల్‌స్టోనియా సొలనసియారమ్ అనే బ్యాక్టీరియా, మట్టిలోంచి వేరు గాయాల్లోంచి లోపలికి దూరి నీళ్లు మోసే గొట్టాల్లో కోట్లకి కోట్లు పెరిగి జిగురు వదిలి దారి మూసేస్తుంది, అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతో చస్తుంది. 30 డిగ్రీలు దాటిన వేడి, దానికి తోడు మట్టిలో తడి, ఈ రెండూ కలిస్తే దానికి పండగ, మన వైజాగ్‌లో వానలయ్యాక సరిగ్గా అదే వాతావరణం.

గొట్టాల్లోకి దిగిపోయాక సూడోమోనాస్ పోసి లాభం లేదు, ఎందుకంటే అది వేరు బయట, వేరుని అంటిపెట్టుకుని ఉండే మట్టిలో కాపలా కాసే రకం. మొక్క ఎండలో తయారు చేసుకున్న చక్కెరలో కొంత వేళ్లలోంచి మట్టిలోకి వదులుతుంది, ఆ తీపికి బ్యాక్టీరియా గుమిగూడతాయి, ముందు ఎవరు చేరితే ఆ చోటు వాళ్లది. సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ ముందు చేరితే చుట్టుపక్కల ఇనుముని పట్టేసుకునే పదార్థం ఒకటి వదిలి రోగం తెచ్చేవాటికి ఇనుము దొరక్కుండా చేస్తుంది, కొన్ని రకాలు యాంటీబయాటిక్కులు కూడా వదులుతాయి, పైగా మొక్క సొంత రక్షణని ముందే తట్టి లేపుతుంది. అంటే నారు నాటే రోజే అది వేరు మీద ఉండాలి. వాడిపోయాక పోస్తే దొంగ ఇంట్లో దూరాక వీధి గుమ్మానికి గడియ పెట్టినట్టే.

గాజువాక గారూ, టమాటాకి రైజోబియం బుడిపెలు రావండి! అవి చిక్కుడు, బొబ్బర్లు, పెసలు లాంటి పప్పుజాతికే వస్తాయి. మీరు చూసింది మట్టిలో ఉండే నులిపురుగుల (నెమటోడ్ల) బుడిపెలు అయ్యుంటాయి. రైజోబియం బుడిపె వేరు పక్కన పూసలాగ అతుక్కుని ఉంటుంది, వేలితో రుద్దితే ఊడొస్తుంది. నులిపురుగు బుడిపె అయితే వేరే ఉబ్బిపోయి ఉంటుంది, లాగితే వేరు తెగుతుంది తప్ప బుడిపె ఊడదు. ఆ నులిపురుగులు చేసిన గాయాల్లోంచే రాల్‌స్టోనియా ఇంకా తేలిగ్గా దూరుతుంది, బహుశా మీకు రెండూ కలిసి వచ్చాయి. ఇంకో సంగతి, స్ట్రెప్టోసైక్లిన్ అంటే యాంటీబయాటిక్, కాపర్ కూడా బ్యాక్టీరియాని చంపేదే, వాటి మర్నాడే సూడోమోనాస్ పోస్తే పాపం అదే ముందు పోతుంది. కనీసం వారం పది రోజులు ఎడం ఉండాలి.

గాజువాక_గ్రోబ్యాగ్

ఓ! ఇది ఎవరూ చెప్పలేదు నాకు. నిజమే, లాగితే వేరే తెగింది. మరి ఆ మట్టి మిగతా బ్యాగుల్లో కూడా కలిపేశాను నేను.

సింహాచలం_సంపెంగ

ప్యాకెట్లెందుకమ్మా అంత డబ్బు పోసి. నేను పదేళ్లుగా జీవామృతం ఒక్కటే వాడుతున్నాను, మా పెరట్లో ఆనప, పొట్ల, చిక్కుడు, వంగ అన్నీ కాస్తున్నాయి. మా అన్నయ్య పొలంలో 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు వేసి రెండు పూటలా కలియతిప్పి రెండు రోజులకి వాడతారు, నేను ఇంట్లో దాన్నే పదో వంతు చేసుకుంటాను. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయం అని ఊరూరా నేర్పిస్తోంది కదా. ఆ గుప్పెడు మట్టిలో మన నేలకి అలవాటైన బ్యాక్టీరియా ఉంటాయి, ఎక్కడో తయారైన ప్యాకెట్టు మన మట్టికి చుట్టమెలా అవుతుంది?

మైక్రో_పిల్ల

పిన్నిగారూ జీవామృతం మంచిదే, నేను కాదనను. బెల్లం, పిండి పడగానే సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి, మట్టికి ప్రాణం వస్తుంది. కానీ అందులో ఏ రకం ఎన్ని ఉన్నాయో ప్రతి డ్రమ్ముకీ మారిపోతుంది. ఫలానా తెగులుని ఆపే ఫలానా రకం కావాలంటే దాన్ని విడిగా పెంచినదే కావాలి. ఇంకొకటి భయం లేకుండా చెప్పాలి, పేడలో మనకి కడుపునొప్పి తెచ్చే రకాలు కూడా ఉండొచ్చు, అందుకని తోటకూర, పాలకూర, కొత్తిమీర లాంటి పచ్చి ఆకుకూరల మీద కోతకి దగ్గర్లో చల్లకండి, మొక్క మొదలు దగ్గర మట్టికే పోయండి.

సింహాచలం_సంపెంగ

ఆకుకూరల సంగతి ఒప్పుకుంటాను తల్లీ, నేను ఆకుల మీద చల్లుతూనే ఉన్నాను ఇన్నాళ్లూ, ఇంక మట్టికే పోస్తాను. మిగతాది మాత్రం నేను ఒప్పుకోను. మా పెరట్లో పదేళ్లలో ఒక్క వంగ మొక్క ఇలా వాడలేదు, కారణం ఆకులూ గడ్డీ కప్పి మట్టిని ఎప్పుడూ ఖాళీగా ఉంచకపోవడం. వీళ్ల బ్యాగుల్లో ఉన్నది మట్టా, కొబ్బరి పొట్టా అడగండి ముందు.

పెదవాల్తేరు_మేడతోట

పిన్నిగారూ బరువు తగ్గుతుందని సగానికి పైగా కొబ్బరి పొట్టే. మిగతాది ఎర్రమట్టి, కొంచెం వర్మీ కంపోస్ట్.

పాత_ఏఈఓ

పిన్నిగారు అసలు కీలకం పట్టుకున్నారు. నేను వ్యవసాయ శాఖలో విస్తరణ అధికారిగా (ఏఈఓ) పనిచేసి రిటైరయ్యాను, నాకు తెలిసినంత రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఇవి ప్రాణులు. యూరియా బస్తా గోడౌన్లో రెండేళ్లున్నా యూరియాయే. కానీ ఈ ప్యాకెట్లు తిండి, తడి, నీడ లేకపోతే చచ్చిపోతాయి. అజటోబాక్టర్ గాలిలోని నత్రజనిని పట్టి మట్టిలో కలుపుతుంది, నిజమే, కానీ ఆ పనికి దానికి బోలెడంత శక్తి కావాలి, ఆ శక్తి కుళ్లిన సేంద్రియ పదార్థంలోంచి రావాలి. ఒట్టి కొబ్బరి పొట్టులో దానికి తినడానికి దొరికేది చాలా తక్కువ. అందుకే మేం ఎప్పుడూ రైతుకి ప్యాకెట్టు ఒక్కటే ఇచ్చి పంపలేదు, గెత్తంలో పెంచి వెయ్యమనేవాళ్లం. 90 కిలోల చివికిన పశువుల గెత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ప్యాకెట్టు పొడి కలిపి చెట్టు నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచి కప్పి, రోజూ కాస్త నీళ్లు చిలకరిస్తూ వారం పది రోజులు ఉంచితే అది గెత్తమంతా అల్లుకుంటుంది. ట్రైకోడెర్మాకి ప్రసిద్ధమైన పద్ధతి ఇది, సూడోమోనాస్‌కీ ఇలాగే చేసుకోవచ్చు. ట్రైకోడెర్మా బ్యాక్టీరియా కాదు, మేలు చేసే శిలీంద్రం, చాలామంది కలిపేసి మాట్లాడతారు. మేడ తోటకి ఇదే లెక్కలో 9 కిలోల గెత్తం, కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి చాలు.

పీఎస్‌బీ గురించి. మన వైపు ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఎక్కువ, వేసిన భాస్వరంలో చాలా భాగాన్ని అవి పట్టేసి మొక్కకి అందనివ్వవు. పీఎస్‌బీ ఆమ్లాలు వదిలి ఆ బిగిసిన దాన్ని కొంత కొంత కరిగిస్తుంది. కానీ మట్టిలో భాస్వరం లేకపోతే అదేమీ పుట్టించలేదు. అందుకే ముందు మట్టి పరీక్ష. ఎరువు మానెయ్యడం కూడా ఒక్కసారిగా వద్దు, నత్రజనిలో పావు వంతు తగ్గించి చూడండి, పంట నిలబడితే ఇంకాస్త తగ్గించండి. అలా కాకుండా ఒకేసారి మానేసి పంట పోయి, మళ్లీ బ్యాక్టీరియా పేరెత్తని రైతుల్ని నేను చూశాను, వాళ్ల నష్టం తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి. అజటోబాక్టర్, పీఎస్‌బీ లాంటి జీవన ఎరువులకి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006 నుంచి ప్రమాణాలున్నాయి. పొడి అయితే గ్రాముకి కనీసం 5 కోట్ల బతికున్న కణాలు, ద్రవం అయితే మిల్లీలీటరుకి కనీసం 10 కోట్లు ఉండాలి. ప్యాకెట్టు మీద సీఎఫ్‌యూ అని రాసేది అదే. సూడోమోనాస్‌ని తెగులు మందుగా అమ్మితే అది 1968 పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు లేని ప్యాకెట్టు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

మేడతోట అమ్మా, మీ ప్యాకెట్టు తేదీ ఎంత ఉంది? కొట్లో ఎక్కడ పెట్టారో గమనించారా?

పెదవాల్తేరు_మేడతోట

మాస్టారూ చూశాను. గడువు ఇంకా రెండు నెలలుంది. కానీ కొట్టు ముందర రేకు కింద అట్టపెట్టెలో ఉన్నాయి, పట్టుకుంటే వెచ్చగా ఉంది, అప్పుడు నాకేమీ తోచలేదు. పైగా ఇంటికొచ్చాక కుళాయి నీళ్లు పట్టి అప్పటికప్పుడు కలిపి, మధ్యాహ్నం రెండింటికి పోశాను.

మైక్రో_పిల్ల

అయితే మూడు దెబ్బలు తగిలాయి ఆంటీ. సూడోమోనాస్ స్పోర్లు కట్టదు, వేడికి, ఎండిపోవడానికి తట్టుకోలేదు. బాసిల్లస్ సబ్టిలిస్ అయితే కష్టకాలం రాగానే గట్టి గింజలాంటి స్పోరు కట్టుకుని పడుకుంటుంది, మళ్లీ తడి తగిలితే లేస్తుంది, అందుకే మన ఎండలకి, దూరపు కొట్లకి అది కాస్త భరోసా. రెండోది క్లోరిన్. కుళాయి చివర నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలనేది మన తాగునీటి ప్రమాణం, అది మనకి మంచిదే, కానీ పొడిని నేరుగా అందులో కలిపితే బ్యాక్టీరియాకి దెబ్బే. బకెట్ మూత తీసి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పోతుంది. మామూలుగా మొక్కలకి పోసే కుళాయి నీళ్లకి భయపడక్కర్లేదు, మట్టిలోని సేంద్రియ పదార్థం ఆ కాస్త క్లోరిన్‌ని మింగేస్తుంది. మూడోది ఎండ. చల్లబడ్డాకే పొయ్యాలి.

మా ల్యాబ్‌లో ఒకసారి ఎండలో వదిలేసిన ప్యాకెట్టూ, చల్లటి చోట పెట్టిన ప్యాకెట్టూ రెండూ ప్లేట్ల మీద పెంచి చూశాం. లైట్లు తీసేసి యూవీ దీపం వేస్తే చల్లటిదాని ప్లేటు మొత్తం పచ్చపసుపు రంగులో మిలమిల మెరిసింది, ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టింది ఆ మెరుపుకే, ఇందాక చెప్పిన ఇనుము పట్టే పదార్థమే అలా మెరుస్తుంది. ఎండలోదాని ప్లేటు మీద మూలకి నాలుగు చుక్కలు మాత్రం మెరిశాయి. అప్పటి నుంచి కొట్లో ప్యాకెట్టు పట్టుకుంటే నాకు ఆ చీకటి ప్లేటే గుర్తొస్తుంది.

భీమిలి_ఇసుకనేల

మధ్యలో నా ప్రశ్న, మాది సముద్రం పక్కనే, ఇసుక నేల, బోరు నీళ్లు కూడా కొంచెం ఉప్పన. అజోస్పైరిల్లం (ఇదీ నత్రజని పట్టే బ్యాక్టీరియాయే) లాంటివి ఉప్పుకి పనికొస్తాయా?

పాత_ఏఈఓ

ఉప్పుని అవి తీసెయ్యలేవు. కొన్ని బ్యాక్టీరియా ఉప్పు వల్ల మొక్కలో పెరిగే ఒత్తిడిని తగ్గిస్తాయి, వేరు ఎక్కువ పిల్లవేళ్లు వెయ్యడానికి సాయపడతాయి, అంతవరకే. ముందు జీలుగ వేసి పూతకి రాగానే కలియదున్నండి, ఇసుకలో సేంద్రియం పెరిగితే తడి నిలుస్తుంది, బ్యాక్టీరియా నిలుస్తుంది. వాన నీటితో ఉప్పు కిందికి దిగేలా గట్లు కట్టుకోండి.

ఆనందపురం_గరువు

మేడతోట అక్కా, ఇప్పుడు మీరు చెయ్యాల్సింది నా అనుభవంలో ఏటంటే, పోయిన మొక్కల బ్యాగులు మట్టితో సహా పక్కకి తీసీయండి, ఆ నీళ్లు వేరే బ్యాగులోకి కారనివ్వకండి, కత్తెర కూడా కడగండి. ఆ మట్టిలో ఓ రెండేళ్లు వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప వద్దు, అన్నీ ఒకే కుటుంబం. మొక్కజొన్న గానీ బొబ్బర్లు గానీ బంతి గానీ వెయ్యండి, బంతి నులిపురుక్కి కూడా మంచిది. ఎండాకాలంలో తడిపి అవతలిది కనపడీలాంటి పల్చటి పాలిథిన్ కప్పి నెలా నెలన్నర ఉంచితే వేడికి చాలావరకు చస్తాది. కానీ ఆ వేడికి మంచివి కూడా చస్తాయి కదా, అందుకే కవరు తీసిన వెంటనే పెంచిన గెత్తం వెయ్యాలి, ఖాళీ చోట మంచివే ముందు కూచోవాలి.

మా గరువులో ఏటా వంగ పోయీది. నాలుగేళ్ల నుంచి నారు పీకిన వెంటనే లీటరు నీళ్లకి 10 గ్రాముల సూడోమోనాస్ కలిపి వేళ్లు అరగంట ముంచి సాయంత్రం పూట నాటుతున్నాను, ముందే పెంచిన గెత్తం గుంటలో గుప్పెడు. మొక్కలు అసలే పోవట్లేదని అబద్ధం చెప్పను, పోతాయి, కానీ మునుపు సాలుకి సగం పోతే ఇప్పుడు నాలుగో ఐదో పోతన్నాయి. తెగులు మరీ ముదిరిన మడిలో బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ల అర్క రక్షక్ టమాటా వేశాను, ఆ రకం తట్టుకుంటాది. వాళ్లదే అర్క మైక్రోబియల్ కన్సార్షియం అని నత్రజని, భాస్వరం, జింకు పనులు చేసే బ్యాక్టీరియా కలిపిన పొడి కూడా ఉంది, నారుకి వాడుతున్నాను, వేరు గుబురుగా వస్తంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, టాల్క్ పొడి అది, లోపలికి పోతాది.

సింహాచలం_సంపెంగ

నాటే రోజు ముంచడం నాకు నచ్చింది బాబూ. ఈసారి నేను కూడా నాలుగు సాళ్లలో రెండు సాళ్లకి ముంచి నాటి చూస్తాను, జీవామృతం మాత్రం నాలుగింటికీ పోస్తాను. తేడా కనపడితే ఇక్కడే రాస్తాను.

పెదవాల్తేరు_మేడతోట

మూడు నెలల తర్వాత రాస్తున్నాను, సలహా ఇచ్చినవాళ్లందరికీ.

చివరికి తెగులొచ్చిన మొత్తం 11 బ్యాగుల మట్టీ మేడ మీద ఒక మూలకి చేర్చి విడిగా తొట్లలో బొబ్బర్లు వేశాను. కొత్త బ్యాగుల్లో కొబ్బరి పొట్టు పావు వంతుకి తగ్గించి, మాస్టారు చెప్పిన లెక్కలో గెత్తం పెంచి కలిపాను, గోనెసంచి ఎత్తినప్పుడల్లా వాన పడ్డ మట్టి వాసన వచ్చేది, అత్తగారు రోజూ చెయ్యి పెట్టి వేడి చూసేవారు. ప్యాకెట్టు ఈసారి లోపలి గదిలో చల్లటి చోట పెట్టిన కొట్టు వెతికి కొన్నాను, రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లలో కలిపి అత్తగారి విత్తనం నారు అరగంట ముంచి సాయంత్రం నాటాం. 18 మొక్కల్లో రెండు పోయాయి, రెంటికీ గ్లాసు పరీక్ష చేశాం, ఒకదానికే పాలు దిగాయి, రెండోది మొదలు కుళ్లు అనుకుంటున్నాను. మిగతా 16 పూతలో ఉన్నాయి, ఆరింటికి పిందెలొచ్చాయి.

నిన్న బొబ్బర్ల మొక్క ఒకటి పీకి మైక్రో పిల్ల చెప్పినట్టు చూశాను. వేరు పక్కన ఆవగింజల్లాంటి పూసలు, రుద్దితే ఊడొచ్చాయి. గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉంది. అత్తగారికి చూపిస్తే కళ్లద్దాలు తెచ్చుకుని వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

మైక్రో పిల్లా, ఆ ఎరుపు ఏంటమ్మా? ఆవిడ అడుగుతున్నారు.

మైక్రో_పిల్ల

లెగ్‌హీమోగ్లోబిన్ అంటారు ఆంటీ, మన నెత్తురులో ఎరుపు తెచ్చే హీమోగ్లోబిన్‌కి చుట్టం. బ్యాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి, కానీ నత్రజని పట్టే ఎంజైముకి ఆక్సిజన్ పడదు, అందుకని ఇది ఆక్సిజన్‌ని పట్టుకుని కొలిచినట్టు కొంచెం కొంచెం అందిస్తుంది. ఎర్రగా ఉందంటే ఇప్పుడు నత్రజని పడుతోందని అర్థం, ముసలిదైతే పచ్చగా, గోధుమగా మారుతుంది. అమ్మమ్మగారికి చెప్పండి, కాయలు కోసుకున్నాక ఆ మొక్కల్ని పీకకుండా మొదలంటా కోసి వేళ్లు మట్టిలోనే వదిలెయ్యమని.

పెదవాల్తేరు_మేడతోట

చెప్పాను. వచ్చే ఆదివారం బొబ్బర్లు కోస్తాం, వేళ్లు అలాగే ఉంచుతాం. ఆనందపురం అన్నయ్యా, ఆ మట్టిలో తర్వాత బీర పాదు పెట్టొచ్చా, ఇంకా ఆగాలా?

ఆనందపురం_గరువు

బీర పెట్టుకోండి అక్కా, ఆ తెగులు దాన్ని సామాన్యంగా అంటుకోదు. గుంటకి రెండు గుప్పెళ్ల పెంచిన గెత్తం వేసి, మూడో రోజు గింజ పెట్టండి.